గట్టి బండి – మంచి బండి: కారు నాణ్యతను కొనుగోలుదారు గ్రహించే తీరు (ముత్తుకూరు తీరప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం:
కారు కొనే వ్యక్తి నాణ్యతను నేరుగా చూడలేడు. కొన్ని గుర్తులను బట్టి ఊహిస్తాడు. తలుపు వేసినప్పటి శబ్దం, రేకు మందం, బండి బరువు, రంగు మెరుపు అటువంటి గుర్తులు. తెలుగు వాడుకలో ఇవన్నీ ‘గట్టి’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇంజనీరింగు దృష్టిలో ఇవి వేర్వేరు గుణాలు. కొన్నిచోట్ల పరస్పరవిరుద్ధాలు కూడా. కొనుగోలుదారు ఊహను భారతీయ తర్కశాస్త్రంలోని అనుమానప్రమాణంతో పోల్చి, ఏ గుర్తు నమ్మదగినదో, ఏది కాదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉప్పుగాలి వీచే ముత్తుకూరు తీరాన్ని ఇందుకు నేపథ్యంగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: నాణ్యత, గట్టితనం, అనుమానం, హేత్వాభాసం, తుప్పు, భద్రత, ముత్తుకూరు.

1. ఉపోద్ఘాతం:

నెల్లూరు జిల్లా తీరమండలాలలో ముత్తుకూరు ఒకటి. కృష్ణపట్నం రేవు, నేలటూరు దగ్గరి శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం, మత్స్యశాస్త్ర కళాశాల, చుట్టూ రొయ్యల చెరువులు ఈ ప్రాంతపు ఆనవాళ్లు. రేవుకు పోయే భారీ వాహనాల నడుమ, చెరువుగట్ల మీద, నెల్లూరుకు వెళ్లే దారిలో కారు ఇక్కడ నిత్యావసరవస్తువుగా మారుతోంది. ఒక మధ్యతరగతి కుటుంబం ఇంటిస్థలం తరువాత అత్యధికంగా డబ్బు పెట్టే వస్తువు కూడా తరచుగా ఇదే. అంత డబ్బు పెట్టే మనిషి షోరూములో గడిపే సమయం మాత్రం ఒక పూట. ఆ పూటలో అతడు తలుపు తీసి వేస్తాడు, బానెట్ మీద వేలితో నొక్కి చూస్తాడు, సీటులో కూర్చుని స్టీరింగు పట్టుకుంటాడు, “మైలేజీ ఎంత ఇస్తుంది?” అని అడుగుతాడు. తరువాత తోడు వచ్చిన బావనో, పెదనాన్ననో చూచి “బండి గట్టిగానే ఉంది” అంటాడు. నిర్ణయం దాదాపు అక్కడే జరిగిపోతుంది.

‘గట్టి’ అన్న ఆ మాటకు అర్థం ఏమిటి? అది దేనిని చూచి అన్న మాట? అది నిజమేనా? ఈ మూడు ప్రశ్నలు భాషకు, ఇంజనీరింగుకు ఉమ్మడిగా చెందినవి.

2. ‘నాణ్యం’, ‘గట్టి’ – పదాల వెనుక ఉన్న పరీక్ష:

నాణ్యతను వినికిడితో ముడిపెట్టడం తెలుగువారికి కారుతో వచ్చిన అలవాటు కాదు. ‘నాణ్యం’ అన్న మాటే ‘నాణెం’తో సంబంధం ఉన్నది. ‘నాణెమైన సరుకు’ అనే వాడుక నేటికీ వినిపిస్తుంది. వెండి రూపాయలు చెలామణిలో ఉన్న కాలంలో రూపాయిని బండమీద వేసి, అది మోగిన తీరును బట్టి మంచిదో, చెల్లనిదో తేల్చేవారు. కుండను కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూస్తారు. కంచుకూ బంగారానికీ ఉన్న తేడాను వేమన మోతతోనే చెప్పాడు. చెవి మన ఇళ్లలో పాతకాలపు నాణ్యతాపరిశీలకుడు.

‘గట్టి’ పదం విస్తృతి ఇంకా ఆసక్తికరమైనది. గట్టి నేల అంటే మెత్తనిది కాదు. గట్టి మాట అంటే మారనిది. గట్టివాడు అంటే సమర్థుడు. గట్టిగా మాట్లాడడం అంటే పెద్ద గొంతుతో మాట్లాడడం. కాఠిన్యం, నిలకడ, సామర్థ్యం, శబ్దతీవ్రత అనే నాలుగు వేర్వేరు భావాలను ఒకే మాట మోస్తున్నది. కారు విషయంలో ఇదే పదం బరువును, రేకు మందాన్ని, మన్నికను, ప్రాణరక్షణను కలిపి మూటగట్టింది. దీనికి ఎదురు నిలిచే మాటలు ‘డొక్కు’, ‘రేకు డబ్బా’, ‘లొడలొడ’, ‘డొల్ల’. వీటిలోనూ మోతకు సంబంధించిన భావన ఉండడం గమనించదగినది. ఈ మాటలు ముత్తుకూరుకే ప్రత్యేకమైనవి కావు, తెలుగునాట అంతటా ఉన్నవే. అయితే ఒక పదం అనేక గుణాలను కలిపి చెప్పినప్పుడు, ఒక గుణం కనబడితే మిగిలినవీ ఉన్నాయనుకోవడం సహజమవుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

3. కొనుగోలుదారు చేసే అనుమానం:

నాణ్యతను గురించిన ఆధునిక చర్చలో డేవిడ్ గార్విన్ పేరు ముఖ్యమైనది. ఆయన 1987లో నాణ్యతకు 8 పార్శ్వాలను ప్రతిపాదించాడు. పనితీరు, అదనపు సౌకర్యాలు, విశ్వసనీయత, ప్రమాణాలకు కట్టుబడి ఉండడం, మన్నిక, మరమ్మతు సౌలభ్యం, సౌందర్యం అన్నవి మొదటి ఏడు. ‘గ్రహింపబడిన నాణ్యత’ను ఎనిమిదవదిగా విడదీసి చెప్పాడు. అంటే నాణ్యత ఉండడం ఒకటి, ఉన్నదని తోచడం మరొకటి. 1988లో వలేరీ జైథామల్ మరొక అడుగు ముందుకు వేసి, వస్తువులోనే ఉన్న గుర్తులను, ధర, బ్రాండు పేరు వంటి బయటి గుర్తులను వేరుచేసి, వినియోగదారు వాటి ఆధారంగానే నాణ్యతను ఊహిస్తాడని వివరించింది.

ఈ వివరణకు సరిపోయే పరిభాష మనకు చాలాకాలంగా ఉంది. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను చెబుతుంది. కొండమీద పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకోవడం అనుమానానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇక్కడ పొగ హేతువు, నిప్పు సాధ్యం. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న విడదీయరాని సంబంధం వ్యాప్తి. వ్యాప్తి లేని హేతువు హేతువులా కనిపిస్తుంది గాని హేతువు కాదు. దానినే హేత్వాభాసం అన్నారు.

పశువుల సంతను ఒకసారి తలచుకుంటే ఇది స్పష్టమవుతుంది. ఒంగోలు జాతి ఎద్దుకు పేరుపొందిన ప్రాంతం ఇది. బ్రెజిల్‌లో ఆ జాతిని నేటికీ ‘నెలోర్’ అనే పిలుస్తారు. ఎద్దును కొనే రైతు దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు, ఒంటి మీద సుడులూ చూస్తాడు. పళ్లకూ వయస్సుకూ వ్యాప్తి ఉంది. సుడికీ యజమాని అదృష్టానికీ లేదు. కాని చూసే కన్ను ఒకటే, చూసే శ్రద్ధ ఒకటే. రెండూ ‘అనుభవజ్ఞుడి పరీక్ష’ అన్న పేరుతోనే చెల్లుబాటు అవుతాయి. షోరూములో మనం చూసే గుర్తులలో ఏవి పళ్లు, ఏవి సుడులు?

4. తలుపు శబ్దం:

మొదటి సుడి తలుపు. తలుపు వేసినప్పుడు ‘డబ్’ అని మెత్తగా, లోతుగా వినిపిస్తే మంచి బండి అనీ, ‘ఠంగ్’ అని రేకుమోత వస్తే చవకబండి అనీ కొనుగోలుదారు తలుస్తాడు. ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. అందుకే తలుపు శబ్దాన్ని విడిగా రూపొందించే ఇంజనీర్లు ఉన్నారు. తలుపు పైరేకు లోపలివైపున కంపనాలను అణచే పట్టీలు అతికిస్తారు. తాళం కొక్కెం లోహానికి లోహం తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. చుట్టూ రబ్బరు బీడింగును రెండు వరుసలు చేస్తారు. వీటివల్ల పైస్థాయి శబ్దాలు అణగిపోయి, కిందిస్థాయి శబ్దం ఒక్కటే చెవికి చేరుతుంది. చెవి దానిని ‘బరువు’గా అర్థం చేసుకుంటుంది.

ఒక చిన్న పరీక్షతో ఇది తెలుస్తుంది. అద్దాలన్నీ ఎత్తి ఉంచి తలుపు వేస్తే లోపలి గాలి ఎదురుతంతుంది. ఒక అద్దం దించి వేస్తే అదే తలుపు తేలికగా, వేరే శబ్దంతో పడుతుంది. తలుపు మారలేదు, బండి మారలేదు. గాలికి దారి దొరికింది, అంతే. కాబట్టి తలుపు శబ్దం పట్టీలను, రబ్బరును, గాలిని గురించి చెబుతుంది. ప్రమాదంలో తలుపు పక్కన ఉన్న స్తంభం వంగుతుందా, నిలుస్తుందా అన్నది చెప్పదు.

అలాగని చెవి చేసే పరీక్షలన్నీ వ్యర్థం అనడం న్యాయం కాదు. పాతబండి కొనేటప్పుడు టింకరింగు పని తెలిసిన మేస్త్రీ రేకు మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ పోతాడు. ఒకచోట మోత మొద్దుబారితే అక్కడ పుట్టీ ఉంది, అంటే ఆ భాగానికి ఒకప్పుడు దెబ్బ తగిలింది. అయస్కాంతం పెడితే పట్టు తప్పుతుంది. ఇక్కడ మోతకూ పుట్టీకీ ఉన్న సంబంధం నిలకడైనది. చేసేది అదే చెవి. వ్యాప్తి ఉన్నచోట అది ప్రమాణం, లేనిచోట భ్రమ.

5. రేకు మందం, బరువు, నుజ్జు:

రెండవ గుర్తు మరింత ప్రమాదకరమైనది. వేలితో నొక్కితే లొత్తపడే రేకును చూచి ‘ఈ బండి మనిషిని కాపాడదు’ అనుకోవడం ఇంటింటా ఉన్నదే. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు అంబాసిడర్‌కు అలవాటుపడిన కళ్లకు అది బొమ్మలా తోచింది. అంబాసిడర్ 1958 నుంచి 2014 వరకు తయారైన బండి. దాని బరువు, దాని రేకు, దాని తలుపు మోత మూడు తరాలకు ‘గట్టి’ అన్న మాటకు నిర్వచనం అయ్యాయి. తరువాత వచ్చిన ప్రతి కారునూ మనం ఉపమానప్రమాణంతో దానితోనే పోల్చి చూశాము.

నిజానికి కారు బయటి రేకు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. దాని పని ఆకారాన్ని ఇవ్వడం, గాలిని కోయడం, రంగును మోయడం. ప్రాణాన్ని కాపాడేది దాని వెనుక కనబడని ఎముకలగూడు, అంటే ముందు అద్దానికి రెండువైపుల ఉండే స్తంభాలు, మధ్యస్తంభాలు, తలుపుల కింది గుమ్మం, తలుపులో దాగిన అడ్డుదూలం. వీటికి వాడే అతిదృఢ ఉక్కు బయటి రేకుకు వాడే ఉక్కు కన్నా నాలుగైదు రెట్లు బలమైనది కావచ్చు. బయటి రేకును నొక్కి లోపలి స్తంభాన్ని అంచనా కట్టడం, చొక్కాగుడ్డను పట్టి చూచి ఎముకబలాన్ని చెప్పడం వంటిది.

ఇంకొక వైరుద్ధ్యం ఉంది. మంచి కారు ముందుభాగం నలగాలి. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేన్యీ 1950ల తొలినాళ్లలో ఈ భావనకు పేటెంటు పొందాడు. 1959లో అది కారుగా రోడ్డెక్కింది. ముందు, వెనుక భాగాలు నలిగి ఢీకొన్న శక్తిని తినివేయాలి, మధ్యలో మనుషులు కూర్చునే గది మాత్రం చెదరకూడదు అన్నది ఆ భావన సారాంశం. నలగని బండిలో ఆ శక్తి ఎక్కడికీ పోదు, లోపలి శరీరానికి చేరుతుంది. మన పత్రికలలో ‘కారు ముందుభాగం నుజ్జునుజ్జయింది’ అని రాస్తే చదువరి అది నాసిరకం బండి అనుకుంటాడు. నుజ్జయిన చోటు బానెట్టా, కూర్చునే గదా అన్నది రాయకపోతే ఆ వార్త బండి నాణ్యత గురించి ఏమీ చెప్పినట్లు కాదు.

ఈ వాదానికి తిరుగులేని నిదర్శనం 2009లో అమెరికాలో జరిగింది. అక్కడి రహదారి భద్రతా బీమాసంస్థ 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ కారును, 2009 నాటి షెవ్రొలే మాలిబూ కారును ఎదురెదురుగా గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించింది. పాతకారు నిండా ఉక్కు, నిండా బరువు. కాని దాని లోపలి గదే కూలిపోయింది. అందులోని బొమ్మమనిషి స్థానంలో మనిషి ఉంటే బతికేవాడు కాదు. కొత్తకారులోని బొమ్మకు కాలికి చిన్న గాయం మాత్రమే. ‘పాతకాలం బండ్లే గట్టివి’ అనే మాటను ఇక ఎవరైనా అనదలిస్తే ఆ వీడియో చూచిన తరువాత అనాలి.

6. కనబడనిదాన్ని చెప్పే మాట – శబ్దప్రమాణం:

ప్రత్యక్షానికి అందనిది, అనుమానానికి హేతువు దొరకనిది తెలుసుకోవలసి వస్తే తర్కశాస్త్రం చూపే దారి శబ్దప్రమాణం. ఇక్కడ శబ్దం అంటే తలుపు మోత కాదు, ఆప్తవాక్యం. ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడు ఆప్తుడు. కారు విషయంలో మనకు చాలాకాలం ఆప్తులు మెకానిక్కు, టాక్సీడ్రైవరు, అప్పటికే ఆ బండి ఉన్న బంధువు. మన్నిక, మైలేజీ, విడిభాగాల ధర గురించి వారి మాట విలువైనదే. బండి ఢీకొన్నప్పుడు ఏమవుతుందన్నది వారికీ తెలియదు.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మనదేశంలో అమ్ముడవుతున్న 5 చిన్నకార్లను ఢీకొట్టించి ఫలితాలు ప్రకటించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ 5 నమూనాలకూ పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలే వచ్చాయి. వాటిలో ఫోర్డ్ ఫీగో, ఫోక్స్‌వాగన్ పోలోల గూడు నిలకడగానే ఉంది. అయినా ఎయిర్‌బ్యాగు లేనందున మనిషికి రక్షణ లేకపోయింది. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు 4 నక్షత్రాలు వచ్చాయి. అంటే ‘గట్టి’ శరీరం ఉన్నా చాలదు. గట్టితనమూ రక్షణా ఒకటి కావని ఇది మరొకవైపు నుంచి రుజువు చేసింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ 5 నక్షత్రాలు పొందిన తరువాత నక్షత్రాల సంఖ్య ప్రకటనలలోకి, ఆ పైన ఇంటి సంభాషణలలోకి వచ్చింది.

మన రాష్ట్రంలోనే తయారయ్యే కారు ఇందుకు మంచి పాఠం. పెనుకొండ దగ్గరి ఎర్రమంచి వద్ద కియా కర్మాగారం నుంచి 2019లో సెల్టోస్ మార్కెట్టులోకి వచ్చింది. లోపలి అమరిక, తెరలు, దీపాలు, భాగాలు కలిసే చోట సన్నని, సమానమైన సందులు – గ్రహింపబడిన నాణ్యతకు కావలసిన గుర్తులన్నీ అందులో ఉన్నాయి. ఆదరణా అంత వేగంగా వచ్చింది. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ దానికి 3 నక్షత్రాలిచ్చి, గూడు నిలకడ లేనిదని పేర్కొంది. ఆ కంపెనీదే అయిన సైరోస్ 2025లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 నక్షత్రాలు పొందింది. షోరూములో నిలబడి చూసేవారికి ఈ రెండింటి గూళ్ల మధ్య తేడా కనబడే అవకాశం లేదు. తేడా ఉన్నదని చెప్పగలిగింది పరీక్ష ఒక్కటే.

బయటి గుర్తుల బలం ఎంతటిదో టాటా నానో చరిత్ర చెబుతుంది. 2009లో అమ్మకానికి వచ్చిన ఆ బండి ఇంజనీరింగు ప్రతిభను ఎవరూ కాదనలేదు. ‘లక్ష రూపాయల కారు’ అన్న పేరే దానికి బరువైంది. అత్యంత చవకైన కారుగా ముద్రపడడం పొరపాటని రతన్ టాటాయే తరువాత అన్నారు. కారు మనకు ప్రయాణసాధనమే కాదు, పెళ్లిచూపులకు వెళ్లే బండి కూడా. చవక అనే మాట అక్కడ గుణం కాజాలదు.

భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందునుంచి, 50 కిలోమీటర్లతో పక్కనుంచి ఢీకొట్టించి చూస్తారు. పై స్థాయి నక్షత్రాలకు 29 కిలోమీటర్లతో స్తంభానికి పక్కగా గుద్దించే పరీక్ష కూడా ఉంది. ఇది కంపెనీలు స్వచ్ఛందంగా చేయించుకునే పరీక్ష. కొనుగోలుదారు “నక్షత్రాలు ఎన్ని?” అని అడగడంతో ఆగకూడదు. “పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని? గూడు నిలకడగా ఉందా? పరీక్షించిన నమూనాలో ఉన్న ఎయిర్‌బ్యాగులు నేను కొనే నమూనాలోనూ ఉన్నాయా?” అనీ అడగాలి. 2022లో దేశంలో రోడ్డుప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. వీరిలో కారులో ప్రయాణించినవారు కొంతభాగమే అయినా, ఆ ప్రశ్నల విలువ అంచనా వేయడానికి ఆ సంఖ్య చాలు.

7. ఉప్పుగాలి చేసే పరీక్ష:

నక్షత్రాలు కొత్తబండికి సంబంధించినవి. ముత్తుకూరులో బండికి మరొక పరీక్ష ఏళ్ల తరబడి జరుగుతుంది. సముద్రపుగాలిలోని ఉప్పుతుంపర, రొయ్యల చెరువుల తేమ, చేపల, రొయ్యల బండ్ల నుంచి రోడ్డు మీద కారే నీరు ఇక్కడి కారుకు నిత్యం తగిలేవి. ఉప్పులోని క్లోరైడు రంగు చిట్లిన ప్రతిచోటా లోపలికి దారి చేసుకుంటుంది.

ఇంజనీరింగులో దీనికి జవాబు పొరలు పొరలుగా ఉంటుంది. ఉక్కురేకుకు జింకు పూత, దాని మీద విద్యుత్తు సాయంతో కారు గూడు మొత్తాన్ని తొట్టిలో ముంచి పట్టించే ప్రైమరు, ఆ పైన రంగు, అడుగున మందపాటి పూత, బోలు భాగాలలో మైనం. ప్రయోగశాలలో 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటి పొగమంచు కింద నమూనారేకులను గంటల తరబడి ఉంచి చూస్తారు. ఇంతటి శ్రమలో షోరూములో కనబడేది చిట్టచివరి పొర మెరుపు ఒక్కటే. జింకు పూత తగ్గించి మిగిల్చిన డబ్బుతో పెద్ద తెర పెడితే గ్రహింపబడిన నాణ్యత పెరుగుతుంది, అసలు నాణ్యత తగ్గుతుంది. ఆ బండిని కొన్న మనిషి ఈ సంగతి తెలుసుకునేది ఏడెనిమిదేళ్ల తరువాత, గుమ్మం కింద రంగు బొబ్బలెక్కినప్పుడు.

ఈ కారణంగానే తీరప్రాంతంలో పాతబండ్ల బేరం ఒక ప్రత్యేకవిద్య. జార్జి అకెర్లాఫ్ 1970లో రాసిన ప్రసిద్ధ వ్యాసానికి పాతకార్ల సంతే ఉదాహరణ. అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు అన్ని బండ్లకూ ధర తగ్గించే అడుగుతాడు. మంచిబండి గలవాడు ఆ ధరకు అమ్మడు. చివరకు సంతలో మిగిలేవి ఎక్కువగా చెడ్డబండ్లే. దీనికి విరుగుడు వ్యాప్తి గల హేతువులను ఎరిగి ఉండడమే. 2021 నవంబరు పెన్నా వరదల వంటివి వచ్చిపోయిన ప్రాంతంలో కొనేవారు సీటుబెల్టును చివరిదాకా లాగి చూడాలి. పైకి కడిగి ఆరబెట్టినా చుట్టలోపలి భాగంలో బురదచార మిగిలి ఉంటుంది. కాలికింద పరచిన కార్పెట్టు ఎత్తి రేకు చూడాలి. స్పేరుటైరు గుంటలో చెయ్యి పెట్టి తడిమి చూడాలి. తలుపు పైభాగం కాదు, అడుగు అంచు చూడాలి. రేకు మడిచి నొక్కిన ఆ అంచులోనే తుప్పు మొదలవుతుంది.

తుప్పు అందానికి సంబంధించిన లోపమని చాలామంది భావన. రంగు వేయిస్తే సరిపోతుందంటారు. కాని తలుపుల కింది గుమ్మం, అడుగుదూలాలు ఢీకొన్న శక్తిని మోసి మళ్లించే దారులు. అక్కడ రేకు తిన్నప్పుడు కొత్తలో పొందిన 5 నక్షత్రాలు ఆ బండికి వర్తించవు. పుట్టీ పెట్టి, రంగు కొట్టి అమ్మిన గుమ్మం కంటికి గట్టిగానే ఉంటుంది. ఎన్‌క్యాప్ సంస్థలు సాధారణంగా పదేళ్ల బండిని తెచ్చి గుద్దించి చూడవు కాబట్టి, ఇక్కడ ఆప్తవాక్యం కూడా దొరకదు. మిగిలేది ప్రత్యక్షం. బండిని జాకీమీద ఎత్తించి, టార్చిలైటుతో అడుగు చూడడం. స్క్రూడ్రైవరు కొనతో గుమ్మం అడుగున నొక్కి, రేకు దిగబడుతుందేమో గమనించడం.

సొంతబండి అయితే చేయవలసినది ఇంకా సులువు. ప్రతి తలుపు అడుగు అంచులో నీరు పోవడానికి రెండు మూడు చిన్నరంధ్రాలుంటాయి. దుమ్మూ బురదా చేరి అవి మూసుకుంటే, వర్షంలో అద్దం పక్కనుంచి దిగిన నీరు తలుపులోనే నిలిచిపోతుంది. తలుపు ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. కొన్న రోజు వినిపించిన ‘డబ్’ కన్నా చెవి పెట్టి వినవలసిన చప్పుడు అది. మెత్తని చీపురుపుల్లతో ఆ రంధ్రాలు పొడిచి, మంచినీటితో అడుగు కడిగిస్తే ఆ ఏడు వానాకాలానికి సరిపోతుంది.